పాత బండి ఛార్జింగ్ డైరీ: కాయిల్ నుంచి కీ స్విచ్ దాకా

కార్బురేటర్ కాలం నాటి బండి. ఎడమ కవర్ లోపల ఆయిల్‌లో తడిసే మూడు ఫేజుల, అంటే మూడు వరసల తీగ చుట్లున్న, కరెంట్ పుట్టించే స్టేటర్ కాయిల్, దాని చుట్టూ తిరిగే మాగ్నెట్, ఫ్రేమ్‌కి బిగించిన ఆర్ఆర్ యూనిట్ (ఏసీని డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫైయర్), 12 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. హెడ్‌లైట్ వేసుకుని గంటసేపు తిరిగి ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోదు. బండి నా చేతికి వచ్చేసరికే బ్యాటరీ, ఆర్ఆర్ యూనిట్ రెండూ కొత్తవి. లోపం మాత్రం పోలేదు. అంటే ఎవరో కొలవకుండా పార్టులు మార్చుకుంటూ పోయారు. అందుకే ఈ డైరీలో కొలతలన్నీ రాస్తున్నాను. ఇదే లోపంతో ఇబ్బంది పడుతున్నవాళ్లు తమ అంకెల్ని వీటి పక్కన పెట్టి చూసుకోవచ్చు.

వాడిన పనిముట్లు: డిజిటల్ మల్టీమీటర్, ఏసీ డీసీ రెండూ చూపే క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది), 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్), క్రింపింగ్ టూల్, టార్క్ రెంచ్. మల్టీమీటర్‌లో ముందు కొత్త సెల్ వేయండి. సెల్ బలహీనపడితే కొన్ని మీటర్లు అసలు కంటే ఎక్కువ వోల్టేజీ చూపిస్తాయి. ఇక్కడ 0.2 వోల్టుల తేడా కూడా ముఖ్యమే.

దశ 1: బ్యాటరీ, లీకేజీ

బయట ఛార్జర్‌తో నిండా ఛార్జ్ చేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున చూస్తే 12.74 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 దాటితే నిండినట్టే. 12.0 దగ్గర ఉంటే పావు వంతే మిగిలినట్టు. సెల్ఫ్ నొక్కినప్పుడు 10.5కి దిగి, వదలగానే పైకొచ్చింది. 9.6 కంటే దిగితే బ్యాటరీని అనుమానించాలి. ఇది బాగానే ఉంది.

తర్వాత లీకేజీ, అంటే కీ ఆఫ్ చేసినా బ్యాటరీ నుంచి పారే కరెంట్:

1. కీ ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పాలి.
2. మీటర్‌ని ముందు 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, లగ్గుకీ టెర్మినల్‌కీ మధ్య కలపాలి.
3. రీడింగ్ చిన్నదని తేలాకే మిల్లీ ఆంపియర్ల రేంజికి మారాలి.
4. మీటర్ అలా ఉండగా కీ ఆన్ చేయకూడదు, సెల్ఫ్ అసలు ముట్టకూడదు. మీటర్ ఫ్యూజు పోతుంది.

వచ్చింది 0.6 మిల్లీ ఆంపియర్లు. ఆ లెక్కన 12 ఏహెచ్ బ్యాటరీ ఖాళీ కావడానికి 20,000 గంటలు పడుతుంది. దానికంటే బ్యాటరీ తనంతట తాను దిగిపోయేదే ఎక్కువ. అదే 50 మిల్లీ ఆంపియర్లు ఉంటే పది రోజుల్లో ఖాళీ అయ్యేది.

ఇప్పటిదాకా: బ్యాటరీ మంచిది, లీకేజీ లేదు. లోపం ఛార్జింగ్‌లోనే ఉంది.

దశ 2: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర

బండి బాగా వేడెక్కాక, హెడ్‌లైట్ వేసి, మీటర్ పిన్నుల్ని నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టి కొలిచాను.

- ఐడిల్‌లో: 12.3
- 3,000 ఆర్‌పీఎం దగ్గర: 12.5
- 5,000 దగ్గర: 12.6
- 5,000 దగ్గర హెడ్‌లైట్ ఆపితే: 13.1

5,000 దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. రేజ్ చేస్తే ఎంతో కొంత పెరుగుతోంది కాబట్టి కాయిల్ పూర్తిగా చావలేదు. ఏదో ఒక ఫేజు కరెంట్ మధ్యలో పోతోంది.

దశ 3: స్టేటర్ కప్లర్

ఎడమ కవర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లు ఒక తెల్ల కప్లర్ ద్వారా ఆర్ఆర్ యూనిట్‌కి వెళ్తాయి. కప్లర్ విప్పి చూస్తే మూడింటిలో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లం రంగుకి తిరిగి, కొంచెం కరిగి కుంగింది. ఆ పసుపు వైరు ఇన్సులేషన్ రెండు అంగుళాల దాకా గట్టిపడిపోయింది. వంచితే పెళుసుగా విరుగుతోంది.

ఈ పిన్నుని మీటర్ బజర్‌తో చూస్తే బీప్ వస్తుంది, ఓమ్స్‌లో పెడితే 0.1 చూపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. మీటర్ పంపే కరెంట్ చాలా చిన్నది. నిజంగా 14 ఆంపియర్లు పారేటప్పుడు ఆ 0.1 ఓమ్ ఏం చేస్తుందో బజర్ చెప్పదు. దానికి వోల్టేజీ డ్రాప్ కొలవాలి:

1. కప్లర్ కలిపే ఉంచాలి.
2. వెనక వైపు నుంచి సన్నటి పిన్నులు దూర్చి, ఒకే వైరు మీద కప్లర్‌కి అటొకటి ఇటొకటి పెట్టాలి.
3. మీటర్ ఏసీ వోల్టుల్లో ఉంచి ఇంజిన్‌ని 3,000 దగ్గర నడపాలి.

రెండు మంచి పిన్నుల మీద 0.08 వోల్టులు. కాలిన పిన్ను మీద 1.4. అదే వైరు మీద క్లాంప్ మీటర్ 14 ఆంపియర్లు చూపించింది. రెండూ గుణిస్తే ఆ చిన్న పిన్నులో దాదాపు 20 వాట్ల వేడి. సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూత వేసినట్టే.

ఇంజిన్ చల్లారాక, కప్లర్ విడదీసి కాయిల్ వైపు కొలతలు తీశాను. మీటర్ పిన్నులు రెండూ తాకిస్తేనే 0.3 ఓమ్ చూపిస్తోంది కాబట్టి దాన్ని తీసేయాలి. ఫేజుకీ ఫేజుకీ మధ్య 0.8, 0.8, 0.9. ప్రతి పసుపు వైరు నుంచి ఇంజిన్ బాడీకి ఓఎల్, అంటే ఎర్త్ తగల్లేదు. స్టార్ట్ చేసి 5,000 దగ్గర ఏసీ చూస్తే 61, 60, 60 వోల్టులు. మూడూ సమానం.

కాలిన భాగం మంచి రాగి మెరుపు కనిపించేదాకా కోసేశాను. వేడి తట్టుకునే కొత్త కప్లర్ తెచ్చి, సోల్డర్ లేకుండా సరైన క్రింపింగ్ టూల్‌తో పిన్నులు నొక్కాను. కప్లర్ తీసేసి వైర్లు నేరుగా కలిపేయమని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. కాయిల్‌ని విడిగా కొలవాలంటే ప్రతిసారీ వైరు కోయాల్సి వస్తుంది.

ఇప్పటిదాకా: కప్లర్ డ్రాప్ 1.4 నుంచి 0.06కి వచ్చింది. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు అన్ని టెస్టులూ పాస్.

దశ 4: చల్లగా మంచిది, వేడెక్కితే చెడ్డది

కప్లర్ మార్చాక చల్లటి ఇంజిన్‌తో, హెడ్‌లైట్ వేసి, 5,000 దగ్గర 15.1 వోల్టులు. ఇది ఎక్కువ. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ముందు బండి నడిపి చూశాను. పావుగంట గడిచేసరికి 13.8, అరగంట దగ్గరికి వచ్చేసరికి 12.9. మొదటికొచ్చింది.

బండి ఆపిన వెంటనే, ఇంజిన్ చల్లారకముందే కప్లర్ విప్పి మళ్లీ కొలిచాను.

- 5,000 దగ్గర ఏసీ: 60, 60, 59
- ఫేజుల మధ్య ఓమ్‌లు: మూడూ కొంచెం పెరిగాయి. రాగి వేడెక్కితే పెరగడం మామూలే.
- పసుపు వైరు నుంచి బాడీకి: 11 ఓమ్‌లు

ఏసీ వోల్టేజీ మూడు ఫేజుల్లోనూ సరిగ్గా ఉంది, అయినా కాయిల్ పోయింది. ఎందుకంటే కప్లర్ విడదీసినప్పుడు కాయిల్‌కి బాడీతో ఏ సంబంధమూ లేదు. ఒక్క చోట ఎర్త్ తగిలితే కరెంట్ తిరిగి రావడానికి రెండో దారి లేదు కాబట్టి ఫేజుల మధ్య వోల్టేజీ మారదు. ఆర్ఆర్ యూనిట్ కలపగానే దాని డయోడ్ల గుండా బాడీకి దారి దొరుకుతుంది. అప్పుడు బ్యాటరీకి చేరాల్సిన కరెంట్‌లో కొంత ఆ ఎర్త్ గుండానే తిరిగిపోతుంది, వైండింగ్ ఇంకా వేడెక్కుతుంది. చుట్లు ఒకదానికొకటి షార్ట్ అయితే ఏసీ టెస్ట్ పట్టుకుంటుంది. ఎర్త్ తగలడాన్ని మాత్రం పట్టుకోదు. దానికి ఓమ్స్ టెస్టే దిక్కు, అదీ ఇంజిన్ వేడిగా ఉండగానే.

పూర్తిగా చల్లారాక మల్టీమీటర్ మళ్లీ ఓఎల్ చూపించింది. అప్పుడు మెగ్గర్ తగిలిస్తే 0.02 మెగా ఓమ్. మల్టీమీటర్ ఒకటి రెండు వోల్టులతో చూస్తుంది, మెగ్గర్ 500తో చూస్తుంది. పగిలిన ఎనామిల్ (తీగ మీది ఇన్సులేషన్ పూత) చల్లగా ఉన్నా 500 ముందు నిలబడలేదు. మెగ్గర్ దొరికే అవకాశం ఉంటే దశ 3లోనే వాడండి. కప్లర్ విడదీసి కాయిల్ వైపు మాత్రమే పెట్టాలి. ఆర్ఆర్ యూనిట్ వైపు పెడితే యూనిట్ పోతుంది.

ఇప్పటిదాకా: లోపాలు రెండు తేలాయి, కప్లర్, కాయిల్ ఎర్త్. ఎర్ర సున్నాలోని 15.1 అలాగే ఉంది.

దశ 5: కవర్ విప్పడం

1. ఆయిల్ దించాలి. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకే వాలుతుంది కాబట్టి ఆయిల్ అంతా ఆ కవర్‌లోకే వస్తుంది. సెంటర్ స్టాండ్ వేయాలి.
2. అట్ట ముక్క మీద కవర్ ఆకారం గీసి, ప్రతి బోల్టునీ దాని చోటులోనే గుచ్చుకోవాలి. బోల్టుల పొడవులు వేరు వేరు. పొడవాటిది పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.
3. మాగ్నెట్ కవర్‌ని గట్టిగా లాగుతుంది. వేళ్లు మధ్యలో పెట్టకూడదు.
4. పాత ప్యాకింగ్‌ని ప్లాస్టిక్ ముక్కతోనే గీకాలి.

స్టేటర్‌కి 18 పోల్స్ (తీగ చుట్టిన పళ్లు). పదిహేను పోల్స్ మీద వార్నిష్ తేనె రంగులో, తీగ చుట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది. పైభాగంలో పక్కపక్కన ఉన్న మూడు మాత్రం మసి నలుపు. గోరు పెట్టగానే వార్నిష్ పెళ్లలుగా రాలింది, కింద తీగ ఎనామిల్ లేకుండా ముదురు రాగి రంగులో కనబడింది. ఆయిల్ చిమ్ము బాగా తగిలే కింది పోల్స్ అన్నీ బాగున్నాయి. పైనున్నవే కాలాయి.

కారణం ఆర్ఆర్ యూనిట్ పనితీరులోనే ఉంది. ఇది షంట్ రకం. బ్యాటరీ నిండాక మిగిలిన కరెంట్‌ని ఆపదు, కాయిల్‌నే షార్ట్ చేసి వెనక్కి తిప్పుతుంది. అందుకే లైట్లు వేసినా ఆపినా కాయిల్ దాదాపు పూర్తి కరెంట్‌తోనే పనిచేస్తుంది. హెడ్‌లైట్‌కి ఎల్ఈడీ పెడితే కాయిల్‌కి విశ్రాంతి దొరుకుతుందనే మాట షంట్ యూనిట్ ఉన్న బండికి వర్తించదు. బ్యాటరీకి మిగులు పెరుగుతుంది, అంతవరకే.

దశ 6: రీవైండింగ్

కొత్త కాయిల్ కొనడానికి బదులు, తీగ చుట్టే ఇనుప కోర్ బాగుంది కాబట్టి తిరిగి చుట్టాలని నిర్ణయించాను. విప్పేముందు ఫొటోలు తీసి, మూడు వేర్వేరు పోల్స్ మీద చుట్లు లెక్కపెట్టాను. ప్రతిదానికీ 35. తీగ మందం 1.0 మిల్లీమీటరు. మాగ్నెట్‌లో 12 అయస్కాంత ధ్రువాలు. 18 పోల్స్, 12 ధ్రువాల అమరికలో ప్రతి మూడో పోల్ ఒకే ఫేజుకి చెందుతుంది, అన్నీ ఒకే దిశలో చుట్టాలి. మీ బండిలో సంఖ్యలు వేరైతే దిశ కూడా మారవచ్చు. అందుకే విప్పేటప్పుడే రాసుకోవాలి.

తీగ లెక్క:

- ఒక చుట్టు సగటున 9 సెంటీమీటర్లు, 35 చుట్లకి 3.15 మీటర్లు
- ఫేజుకి 6 పోల్స్: 18.9 మీటర్లు
- మూడు ఫేజులు: 56.7 మీటర్లు, బరువు దాదాపు 400 గ్రాములు
- 1 మిల్లీమీటరు రాగి తీగ మీటరుకి 0.022 ఓమ్ చొప్పున ఫేజుకి 0.41, స్టార్ కలిపాక (మూడు ఫేజుల ఒక్కో కొసని ఒకే చోట కలిపాక) రెండు ఫేజుల మధ్య 0.83 ఓమ్‌లు

దశ 3లో వచ్చిన 0.8తో ఇది కలుస్తోంది. చుట్ల లెక్క సరైనదేనని దీంతో రూఢి అయింది.

తీగ విషయంలో రాజీ వద్దు. 180 డిగ్రీలు తట్టుకునే క్లాస్ హెచ్ ఎనామిల్ ఉండాలి. క్లాస్ బి తీగ 130 వరకే.

1. కోర్ అంచుల్ని సన్నటి ఎమరీతో గుండ్రం చేసి, మూలల మీద ఫైబర్ గ్లాస్ టేప్ వేశాను.
2. తీగని బిగువుగా లాగుతూ, పక్కపక్కన పేర్చి చుట్టాను.
3. ప్రతి పోల్ పూర్తికాగానే మెగ్గర్‌తో ఎర్త్ చూశాను.

ఏడో పోల్ దగ్గర మెగ్గర్ సున్నాకి పడిపోయింది. చుట్టు మలుపులో టేప్ జరిగి, కోర్ మూల ఎనామిల్‌ని గీకింది. ఆ ఒక్క పోల్ విప్పి, టేప్ రెండు పొరలు వేసి మళ్లీ చుట్టాను. ప్రతి పోల్‌కీ చూడటం వల్ల ఒక్కదాంతో పోయింది. చివర్లో చూసుంటే మొత్తం 18 విప్పాల్సి వచ్చేది.

స్టార్ జాయింట్‌కి మామూలు సోల్డర్ పనికిరాదు. అది 185 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది, వేడి కాయిల్‌లో అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మూడు కొసలూ మెలిపెట్టి, రాగి స్లీవ్‌లో నొక్కి, వెండి బ్రేజింగ్ చేశాను. బయటికి వచ్చే వైర్లకి టెఫ్లాన్ ఇన్సులేషన్. సిలికాన్ వైరు వేడిని తట్టుకున్నా వేడి ఆయిల్‌లో ఉబ్బుతుంది. ఆ తర్వాత ఎపాక్సీ వార్నిష్ పోసి, డబ్బా మీద రాసినట్టే ఓవెన్‌లో ఆరబెట్టాను.

ఇప్పటిదాకా: ఫేజుల మధ్య 0.83, 0.84, 0.83. బాడీకి మెగ్గర్ 200 మెగా ఓమ్‌లకు పైన. వేడి చేసి చూసినా పడలేదు.

దశ 7: ఎర్ర సున్నాలోని అంకె

బిగించి, ఆయిల్ పోసి, స్టార్ట్ చేస్తే 5,000 దగ్గర 15.2. వేడెక్కాక కూడా 15.2. ఇలా వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు వాయువులుగా విడిపోయి తగ్గిపోతాయి. ఇక్కడే చాలామంది ఆర్ఆర్ యూనిట్ మారుస్తారు. ఈ బండికి అంతకుముందు మార్చింది కూడా బహుశా అందుకే.

యూనిట్‌ని విప్పకముందు ఒక్క పరీక్ష చేశాను. హెడ్‌లైట్ ఆపితే 14.6, వేస్తే 15.2. లోడు పెంచితే వోల్టేజీ తగ్గాలి, ఇక్కడ పెరుగుతోంది. దీనికి అర్థం ఒక్కటే. ఈ యూనిట్‌కి బ్యాటరీ వోల్టేజీని చూసే సెన్స్ వైరు విడిగా ఉంది, అది కీ స్విచ్ తర్వాతి లైన్ నుంచి వస్తుంది. హెడ్‌లైట్ కరెంట్ కూడా అదే లైన్‌లో పారుతుంది. దారిలో వోల్టేజీ పడిపోతే యూనిట్‌కి తక్కువ కనిపించి, బ్యాటరీలోకి ఎక్కువ తోస్తుంది.

బ్యాటరీ పాజిటివ్ మీద ఒక పిన్ను ఉంచి, రెండోదాన్ని ఒక్కో మజిలీకి జరుపుతూ, హెడ్‌లైట్ వేసి కొలిచాను:

- మెయిన్ ఫ్యూజు ముందు: 0.04, మొత్తం 0.04
- ఫ్యూజు క్లిప్పు: 0.22, మొత్తం 0.26
- కీ స్విచ్: 0.41, మొత్తం 0.67
- ట్యాంకు కింది కప్లర్: 0.17, మొత్తం 0.84
- యూనిట్ దాకా వైరు: 0.06, మొత్తం 0.90

ఎర్త్ వైపు, యూనిట్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి: 0.12. ఇది వ్యతిరేకంగా పనిచేస్తుంది, బ్యాటరీ వోల్టేజీని తగ్గిస్తుంది. యూనిట్ సెన్స్ కాలు దగ్గర దాని సొంత ఎర్త్‌తో కొలిస్తే 14.4. ఇప్పుడు లెక్క: 14.4కి 0.90 కూడి, 0.12 తీసేస్తే 15.18. మీటర్ చూపింది 15.2. యూనిట్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

ఫ్యూజు క్లిప్పు తీసేసి బ్లేడ్ ఫ్యూజు హోల్డర్ పెట్టాను. కీ స్విచ్ విప్పి లోపలి కాంటాక్టులు శుభ్రం చేశాను. మొత్తం 0.90 నుంచి 0.31కి వచ్చింది. పాత స్విచ్ మళ్లీ నల్లబడుతుంది కాబట్టి దాంతో ఆగలేదు. సెన్స్ వైరుకి నాలుగు కాళ్ల రిలే (కరెంట్ ఇస్తే ఆన్ అయ్యే స్విచ్) వేశాను:

1. 30వ కాలు: 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా బ్యాటరీ పాజిటివ్
2. 87: యూనిట్ సెన్స్ కాలు
3. 86: పాత సెన్స్ లైన్
4. 85: ఎర్త్

ఇప్పుడు పాత లైన్ రిలేని ఆన్ చేయడానికే, కొలత బ్యాటరీ నుంచి నేరుగా. సెన్స్ వైరుని రిలే లేకుండా బ్యాటరీకి కలిపేయడం సులువే కానీ, కీ తీసినా యూనిట్ కరెంట్ తాగుతూనే ఉంటుంది. దశ 1లోని 0.6 చెడిపోతుంది. ఎర్త్‌కి కొత్త మందపాటి వైరు వేశాను.

సెన్స్ డ్రాప్ 0.03, ఎర్త్ డ్రాప్ 0.02.

దశ 8: చివరి కొలతలు

గంట ప్రయాణం తర్వాత, ఇంజిన్ వేడిగా ఉండగా, హెడ్‌లైట్ వేసి:

- ఐడిల్‌లో: 13.3
- 3,000 దగ్గర: 14.4
- 5,000 దగ్గర: 14.4, హెడ్‌లైట్ ఆపినా అంతే
- స్టేటర్ కప్లర్ డ్రాప్: మూడు పిన్నులూ 0.05, 0.06 మధ్య
- బ్యాటరీలోకి కరెంట్: స్టార్ట్ చేయగానే 6 ఆంపియర్లు, బ్యాటరీ నిండేకొద్దీ 1కి లోపు

మార్చినవి: స్టేటర్ వైండింగ్, కప్లర్, ఫ్యూజు హోల్డర్, ఎర్త్ వైరు. కొత్తగా చేర్చింది రిలే. మార్చనివి: బ్యాటరీ, ఆర్ఆర్ యూనిట్, మాగ్నెట్.

రిలేతో ఒక కొత్త ప్రమాదం వచ్చింది. దాని ఫ్యూజు పోతే యూనిట్‌కి సెన్స్ వోల్టేజీ అందదు. కొన్ని యూనిట్లు అప్పుడు ఛార్జింగ్ ఆపేస్తాయి, కొన్ని అదుపు లేకుండా ఛార్జ్ చేస్తాయి. ఐడిల్ కంటే కొంచెం పైన ఉంచి, క్షణం పాటు ఫ్యూజు లాగి చూశాను. నాది రెండో రకం. అందుకే హ్యాండిల్ దగ్గర చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ పెట్టి, దాని సప్లైని రిలే 87వ కాలు నుంచే తీశాను. కీ స్విచ్ లైన్ నుంచి తీస్తే ఆ డ్రాప్ వల్ల తక్కువ చూపిస్తుంది. ఇక్కడి నుంచి తీస్తే అసలు బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది. రిలే ఫ్యూజు పోతే మీటర్ కూడా ఆరిపోతుంది, అప్పుడు బండి పక్కకి ఆపి ముందు ఆ ఫ్యూజు చూడాలి.